తెగిన పోగుల గది

సూరత్‌లో గుడ్డను ముట్టుకోవద్దని మనిషికి చెప్పడం ఎంత కష్టమో ఆ ఉద్యోగంలో చేరాకే నాకు తెలిసింది. ఈ ఊరివాళ్లు గుడ్డను కళ్లతో చూసి ఊరుకోరు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి, అంచు తిరగేసి, వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే గానీ చూసినట్టు అనిపించదు వాళ్లకు. పరామర్శకు వెళ్లిన ఇంట్లో కూడా పక్కనున్నావిడ కొంగు వీళ్ల వేళ్ల మధ్యకు వచ్చేస్తుంది. అలాంటి ఊళ్లో డుమస్ రోడ్డు వైపు ఒక ఆధునిక కళల మ్యూజియం కట్టి, గదుల నిండా గుడ్డలూ దారాలూ వేలాడదీసి, కాపలాకు నన్ను నిలబెట్టారు.

నా మెడలో వేసిన కార్డు మీద ‘విజిటర్ ఎక్స్‌పీరియన్స్’ అని ఉండేది. ఆ మాట మా అవ్వకు, అంటే అమ్మకు, విప్పి చెప్పడానికి రెండు రోజులు పట్టింది. చివరికి ఆమే, “అంటె వచ్చినోళ్లను అర్సుకునుడే గదా” అని తేల్చేసింది. అంతకు మించి ఏమీ లేదు అందులో. పదకొండు నుంచి ఏడు దాకా నల్ల కుర్తా వేసుకుని గోడకు అడుగు దూరంలో నిలబడాలి. గోడకు ఆనుకోకూడదు. అడిగినవాళ్లకు చెప్పాలి, అడగనివాళ్లను చూసి నవ్వాలి, ఎవరైనా చెయ్యి చాస్తే మెల్లగా వారించాలి. మొదటి నెలలో నా కాళ్లు వాచి చెప్పులు పట్టేవి కావు.

వచ్చేవాళ్లు రకరకాలు. ఆదివారాలు వరాఛా నుంచి వజ్రాల పనివాళ్ల కుటుంబాలు వచ్చేవి. పిల్లల్ని ఏసీ కింద కూర్చోబెట్టి, సంచిలోంచి థేప్లా రొట్టెలు విప్పబోయేవారు. కాలేజీ జంటలు తిన్నగా వీడియో గదిలోకి పోయేవి, అక్కడ చీకటి కనుక. ఆ వీడియోలో ఏముందో ఏ జంటా నాకు చెప్పలేకపోయింది. గోడ మీద ఒకే నీలం రంగు పూసిన బొమ్మ ముందు నిలబడి ఒక పెద్దాయన, “ఇది మా ఇంట్లో పెయింటర్ పావు రోజులో వేస్తాడు” అని నాతో అన్నాడు. నేను నవ్వాను. నాకూ అలాగే అనిపించేది మొదట్లో. తర్వాత నిలబడగా నిలబడగా ఆ నీలం నాకు నచ్చడం మొదలైంది. చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

రింగ్ రోడ్డు మార్కెట్ నుంచి సేఠ్ ఒకాయన వచ్చినప్పటి సంగతి చెప్పాలి. పైకప్పు నుంచి వేలాడే పెద్ద తెల్లగుడ్డ అంచులోంచి ఒక పోగు లాగాడు. బయటికి వెళ్లి లైటరుతో కాల్చి, వాసన చూసి తిరిగొచ్చి, “పట్టు అని రాశారు. ఇది పాలిస్టర్” అన్నాడు. మా మేనేజర్ మేడమ్ పరుగున వచ్చింది. అరుస్తుందేమో అనుకున్నాను. నవ్వేసి ఆయనకు చాయ్ తెప్పించింది. మర్నాడు ఆ గుడ్డ పక్కన ఉన్న చీటీ మార్చారు, ఎందుకంటే అది నిజంగానే పాలిస్టర్.

నేను పుట్టింది ఈ ఊళ్లోనే, గోడాదరాలో. అవ్వా బాపూ సిరిసిల్ల వైపు నుంచి పెళ్లైన కొత్తలో వచ్చేశారు. బాపు బమ్రోలిలో సాంచలు నడిపేవాడు. సాంచ అంటే మరమగ్గం, మావాళ్లంతా అలాగే అంటాం. నేను చదివింది మునిసిపాలిటీ తెలుగు బడిలో. అందుకే ఇవాళ ఇది తెలుగులో రాయగలుగుతున్నాను, లేకపోతే నా భాష సగం హిందీ, పావు గుజరాతీ.

ఒక షెడ్డులో నలభై యాభై సాంచలు ఒక్కసారి ఆడుతుంటే అక్కడ మాట అనేది ఉండదు. చెవిలో అరిచినా వినపడదు. అందుకని పనివాళ్లు మూతి చూసి మాట్లాడుకుంటారు. గొంతు వాడరు, పెదాలు మాత్రం కదుపుతారు. దానికి తోడు చేతి గుర్తులు. రెండు వేళ్లు కత్తెరలా పెడితే పోగు తెగిందని, నుదుటి మీద చెయ్యి పెడితే షెడ్డు యజమాని సేఠ్ వస్తున్నాడని. ముప్పై ఎనిమిదేళ్లు ఆ మోతలో ఉన్నాక బాపుకు చెవులు దాదాపు పోయాయి. కానీ ఎంత దూరం నుంచైనా మూతి కదలిక చూసి మాట పట్టేవాడు. తెలుగు ఒక్కటే కాదు, హిందీ, గుజరాతీ, పక్క సాంచ ఒడియావాళ్ల తిట్లు కూడా.

చిన్నప్పుడు మధ్యాహ్నం అన్నం డబ్బా నేనే తీసుకెళ్లేదాన్ని. అలా నాకూ ఆ మాట అలవాటైంది. ఇంట్లో అవ్వ బాపుతో అరిచి మాట్లాడేది, నేను మాత్రం పెదాలు కదిపేదాన్ని. పన్నెండో తరగతి పాసయ్యానని నేను ఆయనకు చెప్పింది బస్సు కిటికీలోంచి. ఆయన రోడ్డుకు అటువైపు సైకిలు మీద పోతున్నాడు. అద్దం వెనక నుంచి నేను మూతి కదిపాను. సైకిలు దిగి, రోడ్డు మీద వెనక వాహనాలన్నీ హారన్ కొడుతుండగా, వాటి మోత ఆయనకు వినపడదు కదా, నవ్వుతూ నిలబడిపోయాడు. మా ఇద్దరి మధ్య ఉన్నంత నిశ్శబ్దమైన మాట ఇంకే తండ్రీ కూతుళ్ల మధ్యా ఉండి ఉండదని నాకు గర్వంగా ఉండేది.

మ్యూజియంలో ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు మేనేజర్ మేడమ్ నా గొంతు మెచ్చుకుంది. “ఇంత మెల్లగా మాట్లాడే అమ్మాయి సూరత్‌లో దొరకడం కష్టం” అంది. తర్వాత మీ నాన్నగారు ఏం చేస్తారని అడిగింది. వసారాలో నాతోపాటు కూర్చున్న అమ్మాయిలంతా డబ్బున్నవాళ్లుండే వేసు పేటవాళ్లు, ఇంగ్లీషులో నవ్వుకునేవాళ్లు. “మార్కెట్‌లో చీరల దుకాణం” అన్నాను. ఆలోచించి అన్నది కాదు, నోటికి వచ్చేసింది. సిగ్గుపడ్డాను. దానికి ఇంకో పేరు పెట్టి లాభం లేదు. కన్న తండ్రి పని చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాను.

ఆరు నెలలు చూసి, నచ్చితే పర్మనెంట్ చేస్తామన్నారు. అప్పటికి బాపు పని మానేసి ఏడాది దాటింది. సేఠ్ పాత సాంచలన్నీ తుక్కుకు అమ్మేసి నీటి ధారతో నేసే కొత్త మెషిన్లు దింపాడు. చెవుడూ దగ్గూ ఉన్న ముసలి కార్మికుడికి ఆ కొత్త షెడ్డులో చోటు లేదు. ఇల్లు నా జీతం మీదే నడిచేది. అందుకని నేను మ్యూజియంలో మంచి అమ్మాయిగా, దుకాణదారు కూతురిగా, మెల్లటి గొంతుతో రోజులు నెట్టుకొచ్చాను.

అయిదో నెలలో నా గదిలోకి సాంచ వచ్చింది.

కళాకారుడు వేరే ఊరాయన. ఇక్కడే ఎక్కడో తుక్కు దుకాణంలో పాత సాంచ కొన్నాడట. దాన్ని తుడిచి, నూనె పెట్టి, పడుగు, అంటే నిలువు దారాలు, ఎక్కించి, గది మధ్యలో నిలబెట్టి పైనుంచి ఒక దీపం వేశాడు. ప్రారంభం రోజు అందరి ముందూ కత్తెర తీసుకుని వెనక వైపు పడుగు పోగులను రెండు జానల వెడల్పున కత్తిరించాడు. తెగిన కొసలు అటూ ఇటూ వేలాడాయి. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తెగిన పోగులు కనుమరుగైపోయిన చేతులకు గుర్తు అని గోడ మీద చీటీ పెట్టారు. వచ్చినవాళ్లు చీటీ చదివి, సాంచ ముందు ఫోటో దిగి, తర్వాతి గదికి పోయేవారు.

ఆ సంగతి ఇంట్లో చెప్పడం నా పొరపాటు. అన్నం తింటూ, మా దగ్గరికి సాంచ వచ్చింది బాపూ అని మూతి కదిపాను. ఆయన ముద్ద పళ్లెంలోనే వదిలేశాడు.

“ఎన్ని ఇంచుల సాంచ?”

తెలియదన్నాను.

“ఆడుతదా?”

ఆడదు, ఊరికే పెట్టారు అన్నాను. పోగులు కత్తిరించిన సంగతి కూడా చెప్పాను. ఆయనకు అర్థం కాలేదు. నేను సరిగ్గా చెప్పలేదేమోనని రెండోసారి చెప్పించుకున్నాడు.

“తెంపి వెట్టిండ్రా? ఎందుకు?”

గోడ మీది చీటీ మొత్తం నాకు కంఠతా వచ్చు. దాన్ని ఆయనకు చెప్పలేకపోయాను. “జర చూపెట్టు బిడ్డా ఒకసారి” అన్నాడు. సరే అన్నాను. పనిచేసేవాళ్ల కుటుంబాలకని ఇచ్చిన రెండు ఉచిత పాసులు నా సంచిలో మూడు వారాలుగా ఉన్నాయి. ఈ వారం రద్దీ అన్నాను. వచ్చే వారం మరమ్మతులు అన్నాను. ఆ తర్వాత వారం ఆయనే అడగడం మానేశాడు. మరిచిపోయాడనుకుని నేను హాయిగా ఉన్నాను.

ఆయన మరిచిపోలేదు. ఒక ఆదివారం పెళ్లిళ్లకు వేసుకునే తెల్ల అంగీ వేసుకుని, రెండు బస్సులు మారి, వరసలో నిలబడి తన టికెట్టు తనే కొనుక్కుని వచ్చాడు. నేను అప్పుడు కింద గదిలో భోజనం చేస్తున్నాను.

తిరిగి పైకి వచ్చేసరికి సాంచ గది నిండా జనం. గుండ్రంగా నిలబడి ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. ఇవాళ ఏదో కార్యక్రమం ఉందని నాకెవరూ చెప్పలేదే అనుకున్నాను. నా బదులు నిలబడ్డ సెక్యూరిటీ అతను కూడా జనంతోపాటే చూస్తున్నాడు. “ప్రోగ్రామ్ బాగుంది” అన్నాడు నాతో. భుజాల మధ్యలోంచి తొంగి చూశాను. మా బాపు సాంచ వెనక గొంతుక్కూర్చుని పోగులు అతుకుతున్నాడు.

ఈ పని తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలి. సాంచ ఆడుతుండగా ఒక పోగు తెగితే గుడ్డలో నిలువునా గీత పడుతుంది. ఆ గుడ్డను సేఠ్ డ్యామేజ్ కింద రాస్తాడు. అందుకని తెగిన పోగు కనబడితే సాంచ నడిపేవాడు తినే తిండి వదిలి లేస్తాడు. పక్కవాడి సాంచ మీద తెగినా, వాడు లేకపోతే వీడు అతికి వెళ్తాడు. అది మర్యాద. తెగిన పోగును చూసి కూడా అతకకుండా దాటి వెళ్లినవాణ్ణి మిగతావాళ్లు పనివాడి కింద లెక్కగట్టరు. మా బాపు ఆ గదిలోకి వచ్చి, దీపం వెలుగులో రెండు జానల మేర తెగి వేలాడుతున్న పోగులు చూశాడు. సాంచ దగ్గర ఎవరూ లేరు. గోడ మీది చీటీ ఇంగ్లీషులోనూ గుజరాతీలోనూ ఉంది, ఆయనకు చదువు రాదు.

వెనక కొస ఒకటి, ముందు కొస ఒకటి అందుకుని, నాలుక చివర తడిపి, మెలిపెట్టి ముడి వేస్తున్నాడు. ఒకసారి లాగి చూసి వదిలేస్తున్నాడు. మళ్లీ తర్వాతది. వేళ్లు ఎలా తిరుగుతున్నాయో కంటికి ఆనడం లేదు. అప్పటికే ఒక జానకు పైగా అతికేశాడు. అతికిన చోట పడుగు బిగువుగా నిలబడింది. ఏడాదిగా ఇంట్లో గోడకు ఆనుకుని దగ్గుతూ కూర్చున్న మనిషి ముఖంలో ఎంత నెమ్మది ఉందో చెప్పలేను. ఒక పిల్ల వాళ్లమ్మతో, ఆ తాత బొమ్మలో భాగమా అని అడిగింది. అవునంది వాళ్లమ్మ. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. బాపుకు వినపడలేదు.

నేను ముందుకు వెళ్లి ఆయన భుజం తట్టి ఉండాల్సింది. రెండడుగులు వేశాను కూడా. అప్పుడే మేనేజర్ మేడమ్ లోపలికి వచ్చింది. ఆమె ముఖం పాలిపోయి ఉంది.

“ఎవరీయన? ఎవరు ముట్టుకోనిచ్చారు?” అంది.  ఆయనను ఆపమని సెక్యూరిటీ అతన్ని ముందుకు తోసి, ఆమె నా వైపు తిరిగింది. బాపు ముఖం చూసిందో, అంగీ చూసిందో, పిలిచినా పలకని ఆ తీరు చూసిందో.

“మీ తెలుగువాళ్లలా ఉన్నాడు. నీకు తెలుసా ఈయన?”

“నహీఁ మేడమ్” అన్నాను. “మై నహీఁ జాన్తీ.” ఈయన ఎవరో నాకు తెలియదని.

మెల్లగానే అన్నాను. పక్కనున్న ఆమెకు తప్ప ఎవరికీ వినపడనంత మెల్లగా. కానీ సరిగ్గా ఆ వేళకు సెక్యూరిటీ అతను బాపు భుజం మీద చెయ్యి వేశాడు, ఆయన ఉలిక్కిపడి తలెత్తాడు, తలెత్తగానే ఎదురుగా నేనే కనబడ్డాను. మా మధ్య పది అడుగుల దూరం ఉంటుంది. మెల్లగా అన్నా గట్టిగా అన్నా ఆయనకు ఒకటే.

నేను చెప్పిన మాట ఆయనకు చేరిందా లేదా అని నేను ఊహించుకోనక్కర లేకపోయింది. వేళ్ల మధ్య ఉన్న పోగును వదిలేశాడు. లేచి నిలబడి, సెక్యూరిటీ అతనికి దండం పెట్టి, చెవిటివాళ్లు మాట్లాడే ఆ పెద్ద గొంతుతో హిందీలో అన్నాడు. “అకేలా ఆయా హూఁ సాబ్. యహాఁ మేరా కోయీ నహీఁ హై.” ఒంటరిగా వచ్చాను, ఇక్కడ నావాళ్లు ఎవరూ లేరు అని. గదిలో అందరికీ వినపడింది. ఫోన్లు ఇంకా దించలేదు ఎవరూ.

ఆయనను కింద సెక్యూరిటీ గదికి తీసుకెళ్లారు. అరగంటకు నాకు పిలుపొచ్చింది. ఆయన చెప్పేది సరిగ్గా అర్థం కావడం లేదు, నువ్వు తెలుగులో అడిగి ఒక క్షమాపణ పత్రం రాయించు అంది మేనేజర్ మేడమ్. పోలీసులను పిలవాలా వద్దా అన్నది ఆ పత్రం చూసి ఆలోచిస్తామంది.

నేను లోపలికి వెళ్లగానే బాపు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

కూర్చోండి అన్నాను. కూర్చున్నాడు. సెక్యూరిటీ అతను తలుపు దగ్గర ఫోన్ చూసుకుంటున్నాడు. మేడమ్ కిటికీ దగ్గర ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతోంది. మా మాట మేం మాట్లాడుకోవచ్చు, పక్కన ఎవరున్నా తెలియదు, అది అందుకోసమే పుట్టిన మాట. నేను గొంతు లేకుండా “బాపూ” అని పెదాలు కదిపాను. ఆయన తల దించి నేల వైపు చూశాడు. చెవిటి మనిషి తల దించితే ఇక ఆయనకు చెప్పడానికి దారి లేదు.

మేడమ్ ఫోన్ పెట్టేసి వచ్చింది. ఎందుకు చేశాడో అడగమంది. నేను చేత్తో బల్ల తట్టాను. బాపు తలెత్తాడు. తెలుగులో పైకే అడిగాను.

“పోగులు తెగి ఉన్నయ్ మేడమ్” అన్నాడు నాతో. “ఎవలో పని ఇడిసిపెట్టి పోయిండ్రనుకున్న. ఆల్లు వచ్చెదాంక అట్లనే ఉంచుడు మంచిగుండదని అతికిన. మీరు చెప్పుండ్రి పెద్ద మేడమ్‌కు, నాకు తప్పని ఎరుకలేదు.”

మా బాపు నన్ను మేడమ్ అన్నాడు. మీరు అన్నాడు. తడబడలేదు. నేను తడబడకూడదని తను తడబడలేదు.

ఆయన చెప్పిందంతా నేను గుజరాతీలో చెప్పి ఉండొచ్చు. సాంచ దగ్గర ఆ మర్యాద ఏమిటో చెప్పి ఉండొచ్చు. అంత తెలిసినట్టు చెబితే, నీకెలా తెలుసని మేడమ్ అడుగుతుంది. “తెలియక చేశాడట” అని ఒక్క మాటలో తేల్చేశాను.

పేరు అడిగితే తనది కాని పేరు చెప్పాడు. ఇల్లు బమ్రోలి అన్నాడు. ఆ అబద్ధాలు నా చేత్తో నేనే రాశాను. కాగితం ఆయన ముందు పెట్టాను. చదువు రాకపోయినా బాపుకు సంతకం వచ్చు. నేను మూడో తరగతిలో ఉండగా నా పలక మీదే నేర్చుకున్నాడు, అప్పటి నుంచి ఎక్కడా వేలిముద్ర వేయలేదు. కానీ ఆయనకు వచ్చింది తన పేరు ఒక్కటే. కాసేపు పెన్ను వంక చూసి, పక్కన పెట్టి, బొటనవేలు చాచాడు. సెక్యూరిటీ అతను సిరా డబ్బా వెతికి తెచ్చాడు. వేలిముద్ర పడ్డాక, పోలీసులు వద్దులే అని మేడమ్ ఆయనను పంపేసింది.

సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి బాపు కాళ్లు కడుక్కుని పీట మీద కూర్చుని ఉన్నాడు. “మీ బాపు పొద్దంత ఏడికి వోయిండో అడుగు, నాకు చెప్తలేడు” అంది అవ్వ. నేను అడగలేదు.  ముగ్గురం అన్నం తిన్నాం. ఆయన బొటనవేలికి సిరా ఇంకా పోలేదు, చారు పోసుకుంటుంటే కనబడింది.

ఆ వారమే నా ఉద్యోగం పర్మనెంట్ అయింది. ఆ రోజు నువ్వు ఎంత నిబ్బరంగా ఉన్నావో చూశాను అని మేడమ్ కాగితం చేతిలో పెట్టింది.

తర్వాత జరిగింది నేను ఊహించనిది. జనం తీసిన వీడియోలు కళాకారుడి దాకా వెళ్లాయి. ఆయన కోప్పడతాడని అందరూ భయపడ్డారు. ఆయన ఎగిరి గంతేశాడట. ముడులు విప్పొద్దు, అలాగే ఉంచండి, నేను అనుకున్న దానికంటే ఇదే గొప్పగా ఉంది అన్నాడట. గోడ మీది చీటీ మార్చారు. మరమగ్గాల కార్మికుడొకరు ఈ పోగులను అతికారు అని ఒక వాక్యం చేర్చారు. ఆయనను వెతికి తెచ్చి, వేదిక మీద కూర్చోబెట్టి, శాలువా కప్పి మాట్లాడించాలని అనుకున్నారు. పత్రంలోని పేరు పట్టుకుని మనుషులు బమ్రోలి అంతా తిరిగారు. అలాంటి మనిషి ఎవరూ లేడన్నారు.

“మీ నాన్నగారికి దుకాణం ఉంది కదా. సాంచలవాళ్లు ఆయనకు తెలిసి ఉంటారు. ఒకసారి మీ నాన్నను అడిగి చూడవా?” అంది మేడమ్ నాతో.

అడుగుతానన్నాను.

జనం పెరిగారు. సేఠ్‌లు ముడుల మీదికి వంగి, ఈ కాలంలో ఇంత చిన్న ముడి వేసేవాళ్లు లేరని మెచ్చుకునేవారు. ప్రతివాళ్లూ ఆయన ఎవరని నన్నే అడిగేవారు, నా ఉద్యోగం అదే కనుక. తెలియదండీ, ఒక ఆదివారం వచ్చి వెళ్లిపోయారు అని చెప్పేదాన్ని. ఒకావిడ కళ్లు తుడుచుకుని, పాపం ఇంట్లోవాళ్లకైనా తెలుసో లేదో అంది. రోజుకు పదిసార్లు, ఇరవైసార్లు మా బాపు నాకు తెలియదని చెప్పి, సాయంత్రం వచ్చి ఆయన పక్కన కూర్చుని అన్నం తినేదాన్ని. నా మీద నాకే రోత పుట్టింది. పళ్లు తోముకునేటప్పుడు అద్దంలోకి చూసేదాన్ని కాదు.

మూడు వారాలకు ఇక నా వల్ల కాలేదు. ఒక సోమవారం, మ్యూజియానికి సెలవు. అవ్వ రేషన్ దుకాణానికి వెళ్లింది. బాపు గడప దగ్గర ఎండలో కూర్చున్నాడు. నేను ఎదురుగా కూర్చుని ఆయన మోకాలు తట్టాను. తలెత్తాడు. మొత్తం చెప్పాను. చీరల దుకాణం అబద్ధం కూడా చెప్పాను. వాళ్లు వెతుకుతున్నారు బాపూ, నిన్ను వేదిక మీద కూర్చోబెడతారట, నీ పేరు గోడ మీద రాస్తారట, రేపు వెళ్లి నేను మేడమ్‌కు నిజం చెప్పేస్తాను అన్నాను. ఆయన మధ్యలో కళ్లు తిప్పుకోలేదు. నా మూతినే చూస్తూ చివరిదాకా విన్నాడు.

“వద్దు బిడ్డా” అన్నాడు.

ఎందుకని అడిగాను.

“ఎరుకలేదని నువ్వొకసారి అన్నవ్. ఇప్పుడు మా బాపే అంటె, గప్పుడెందుకు అబద్ధమాడినవని అడుగుతరు. దుకాణం ముచ్చట గూడ బయటవడ్తది. తీసేస్తరు నిన్ను. నౌకరి పక్కా అయింది గదా. గదే మాట మీదుండు.”

ఆ మాటకు నాకు ఏడుపు రావాలి. కాళ్ల మీద పడాలి, కాదు చెబుతాను అని మొండికేయాలి. అవేవీ జరగలేదు. మూడు వారాలుగా గుండె మీద ఉన్న బరువు ఎవరో దించినట్టయింది. బతికిపోయాను అనుకున్నాను. అబద్ధమాడి ఏం లాభం, నాకు ఊరట కలిగింది. చెప్పాలని వచ్చినదాన్ని, వద్దనిపించుకోవడానికే వచ్చానేమోనని ఇప్పుడు అనిపిస్తుంది.

నేను పెదాలు కదపలేదు.  అయినా ముప్పై ఎనిమిదేళ్లు ముఖాలు చూసి మాట తెలుసుకున్న మనిషి నాకు ఎదురుగా, మూరెడు దూరంలో కూర్చుని ఉన్నాడు. నా ముఖంలో ఆ ఊరట ఆయనకు కనబడింది. కనబడిందని నాకూ తెలిసింది.

“మంచిది” అన్నాడు. లేచి, కొక్కేనికి ఉన్న అంగీ తొడుక్కుని, దగ్గు మందు అయిపోయింది తెచ్చుకుంటానని చెప్పి వీధిలోకి నడిచాడు. మందు సీసా సగానికి పైగా ఉంది. నేను గడప దగ్గరే కూర్చుండిపోయాను, ఆయన వెనకాల వెళ్లలేదు.